కత్తెరక్క ఇంటి బాత్రూం

మా వీధిలో ఆమెని పేరుపెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. చిన్నా పెద్దా అందరికీ కత్తెరక్కే. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాల దగ్గర్నుంచి ముసలమ్మల జాకెట్ల దాకా అన్నీ కుట్టేది. బట్ట కోయడంలో ఎంత కచ్చితమో మాట అనడంలోనూ అంతే. ఎవరైనా వచ్చి, "పోయినసారి కొలతలకే కుట్టెయ్యక్కా" అంటే, "పోయినసారి వచ్చిన మనిషిని తీసుకురా, అలాగే కుడతాను" అనేది. అన్నది నిజమే కాబట్టి ఎవరూ కిక్కురుమనకుండా కొలతలిచ్చి వెళ్ళేవాళ్ళు.

ఆమె భర్త అచ్చాఫీసులో యంత్రం నడిపేవాడు. రోజంతా ఆ చప్పుడులో ఉండి ఉండి ఇంట్లో అరుపులు ఆయనకి వినపడేవి కావు. లేదా వినపడనట్టు ఉండేవాడు. పిల్లలు లేరు. మూడో మనిషి మామగారు. ఉద్యోగమంతా మంటలార్పే దళంలో చేసి రిటైరైనవాడు కావడంతో వీధి ఆయనకి ఫైరు తాత అని పేరు పెట్టింది. వయసు మీదపడినా మనిషి నిటారుగా ఉండేవాడు. దుంగల్లాంటి ముంజేతులు, పెద్ద గొంతు. మెల్లగా మాట్లాడటం ఆయనకి రాదు. పక్కింటివాళ్ళకి కూడా విడిగా చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూం. వంటింటి వెనక, సన్నటి నడవా చివర. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, సగం తెరిచేసరికి బకెట్టుకి తగులుతుంది. మోకాలి కింద దాకా వచ్చే గడప. నున్నటి తెల్ల గచ్చు. నీళ్ళు పోయే తూము ఒక మూలన ఉంటే నేల వాలు ఇంకో మూలకి ఉండటం వల్ల గుమ్మం దగ్గర నీళ్ళు ఎప్పుడూ నిలిచే ఉండేవి. కిటికీ అని చెప్పుకునేది అరచేతి వెడల్పు సందు.

ఆ బాత్రూంలో ఫైరు తాత స్నానం ఒక పెద్ద కార్యక్రమం. ముందు గొట్టం పెట్టి గోడలు కడిగేవాడు, తలుపు కడిగేవాడు, ఆ తర్వాత నేల. అప్పుడు తన ఒళ్ళు. చివర్లో మళ్ళీ నేల. బయటికొచ్చేసరికి లోపల చేపలు పెంచుకోవచ్చు.

"మామయ్యగారూ, కాస్త నీళ్ళు తోసేసి రాకూడదా?" అని కొత్తలో కత్తెరక్క మర్యాదగానే అడిగింది.

"బాత్రూం అన్నాక తడిగా ఉంటుందమ్మా. పొడిగా ఉండటానికి అదేమన్నా బియ్యం డబ్బానా?" అన్నాడాయన.

"తడిగా ఉంటే జారతాం."

"మూడంతస్తుల ఇంటి కప్పు మీద, తడి రేకుల మీద, చేతిలో గొట్టంతో పరిగెత్తినవాణ్ణి. బాత్రూంలో జారతానా?"

"జారేది మీరని నేనన్లేదు."

అది మొదలు. తర్వాత ఆ మాటల్లోంచి మర్యాద కొంచెం కొంచెంగా జారిపోయింది. ఆయన కడిగి వెళ్ళిన వెంటనే ఆమె గోనెగుడ్డ పట్టుకుని విసవిసా వెళ్ళి తుడిచేది, ఆయనకి వినపడేలా బకెట్టు నేలకేసి కొట్టేది. ఆమె తుడిచిన అరగంటకి ఆయన కాళ్ళు కడుక్కునే మిషతో వెళ్ళి మళ్ళీ నాలుగు చెంబులు పోసి వచ్చేవాడు. నీళ్ళు పోస్తేనే శుభ్రం అని ఆయన, తుడిస్తేనే శుభ్రం అని ఆమె. మధ్యలో భర్త కాళ్ళు తడుపుకుంటూ లోపలికి, తడుపుకుంటూ బయటికి.

బళ్ళు తెరిచే ముందు రోజుల్లో యూనిఫారాల గుట్ట నడుములోతు పేరుకుంది. ఒకరోజు పొద్దున్నే, నోట్లో సూదులు పెట్టుకుని పనిచేస్తూ చేస్తూ, ఆమె ఒక్క నిమిషం లేచి బాత్రూంకి వెళ్ళింది. సూదులు తీసి గోడకున్న సూదుల దిండుకి గుచ్చి మరీ వెళ్ళింది. అది తర్వాత అందరికీ పదేపదే చెప్పేది, సూదులు నోట్లో ఉండుంటే ఏమయ్యేదని. గడప దాటి కాలు పెట్టగానే నేల కింద నుంచి ఎవరో లాగేసినట్టయింది. తలుపు పట్టుకోబోయింది, తలుపు లోపలికి పోయింది. కుడిచెయ్యి ఆనించి పడింది.

అరుపు విని మొదట వచ్చినవాడు ఫైరు తాతే. ఆ సంగతి కత్తెరక్క ఎప్పుడూ దాచలేదు. "కదలొద్దు" అన్నాడు. ఆయన మెల్లగా మాట్లాడటం ఆమె వినడం అదే మొదటిసారి. తల తడిమాడు, మెడ చూశాడు, కాళ్ళు కదపమన్నాడు. తర్వాత ముందుగదిలోకి వెళ్ళి ఆమె చెక్క స్కేలు, ఇన్ని గుడ్డపీలికలు తెచ్చి మణికట్టు కదలకుండా కట్టాడు. వీపుకింద చేతులు పెట్టి, ఎక్కడా నొప్పి తెలియకుండా, తట్టలోంచి పూలు ఎత్తినట్టు ఎత్తి నడవాలో కూర్చోబెట్టాడు. ఆసుపత్రిలో డాక్టరు ఆ కట్టు చూసి, ఎవరో తెలిసినవాళ్ళు కట్టారే అన్నాడు.

కాకపోతే నడవాలో కూర్చోబెట్టాక ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "చూసుకుని నడవాలి కదమ్మా."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. నీళ్ళు పోసినవాడు, ఆ నీళ్ళలోంచి తనని ఎత్తినవాడు, చూసుకు నడవమంటున్నాడు.

పిండికట్టు విప్పాక చూస్తే వేళ్ళు మూసుకోవడం లేదు. గ్లాసు పట్టుకోగలిగింది, తాళం తిప్పగలిగింది. కత్తెర మాత్రం పట్టు చిక్కలేదు. దళసరి బట్ట మీద పెట్టి నొక్కితే మణికట్టులోంచి భుజం దాకా మంట. వ్యాయామాలు చెయ్యమన్నారు, చేసింది. మునుపటి పట్టు రాదన్నారు, అదీ వింది. యూనిఫారాల గుట్టని తల్లిదండ్రులు ఒక్కొక్కరూ వచ్చి పట్టుకుపోయి పక్కవీధి కుర్రదాని దగ్గర కుట్టించుకున్నారు. ఆ కుర్రదానికి పని నేర్పింది కత్తెరక్కే. భుజాలు సరిగ్గా తిప్పడం దానికి ఇప్పటికీ రాదని, పిల్లలందరూ ఒకపక్కకి ఒరిగినట్టు కనిపిస్తున్నారని, కిటికీలోంచి బడికెళ్ళే పిల్లల్ని చూస్తూ పళ్ళు కొరుక్కునేది.

మామగారితో మాటలు ఆపేసింది. ఆయన ఎదురుగానే ఉన్నా, "టీ అక్కడ పెట్టానని చెప్పండి" అని భర్తతో అనేది. భర్త ఇంట్లో లేకపోతే గోడతో అనేది. ఆయన కూడా తగ్గలేదు. "టీ చల్లారిందని చెప్పరా" అని ఖాళీ కుర్చీతో అనేవాడు. స్నానం మాత్రం మానలేదు, గొట్టమూ మానలేదు.

ఆడపడుచు పరామర్శకి వచ్చింది. ఫైరు తాత పెద్దకూతురు, గొంతు తండ్రిది. మంచం మీద కూర్చుని, "మా నాన్న నా చిన్నప్పట్నుంచీ అలాగే స్నానం చేస్తాడు వదినా. ఇంతవరకూ ఎవరూ పడలేదు. నీ కాళ్ళే కాస్త తొందర" అంది.

"నా కాళ్ళ సంగతి మీకెందుకొదినా? మీరు కూర్చున్నది నా దుప్పటి మీద, లేవండి" అంది కత్తెరక్క. ఆడపడుచు లేచి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లోనే సంగీతం టీచరు వచ్చింది. చిన్నప్పుడే కాళ్ళు పోవడంతో చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. నడివయసు, ముక్కుమీద కోపం. పిల్లలకి పాట నేర్పేటప్పుడు శ్రుతి తప్పితే కళ్ళతోనే కొట్టేదని ప్రతీతి. కత్తెరక్కకి గుడ్డ ఇచ్చి చాలా రోజులైంది. తిరిగి తీసుకుపోదామని వచ్చింది. ఆటోవాడు కుర్చీ ఎత్తి గుమ్మం మెట్టు దాటించి వెళ్ళాడు.

"కూర్చోండి, వెతికి ఇస్తాను" అంది కత్తెరక్క అలవాటు కొద్దీ.

"నేనెప్పుడూ కూర్చునే ఉంటాను" అంది టీచరు. "మీరు త్వరగా వెతకండి."

కుడిచెయ్యి సహకరించక, ఎడంచేత్తో మూటలు విప్పుతూ కత్తెరక్క ఆలస్యం చేసింది. టీచరు కాసేపు చూసి, బాత్రూం ఎక్కడని అడిగింది. నడవా చివర అని చెప్పి, చెప్పాక కత్తెరక్కకి గుర్తొచ్చింది. టీచరు కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. తలుపు దగ్గర ఆగింది. కుర్చీ ఆ గుమ్మంలో పట్టదు, పట్టినా గడప దాటదు, దాటినా లోపల తిరగదు. నేల మీద నీళ్ళు మెరుస్తున్నాయి. నడవాలో కుర్చీ వెనక్కి తిప్పుకునే చోటు కూడా లేక, వచ్చినదారినే వెనక్కి వెనక్కి తోసుకుంటూ రావాల్సి వచ్చింది. గోడలకి మోచేతులు గీసుకున్నాయి.

ముందుగదిలోకి వచ్చాక మొహం కందగడ్డలా ఉంది. "నాకు బట్టలు కుట్టేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. నేను లోపలికి వెళ్ళగలిగే బాత్రూం ఉన్నవాళ్ళే లేరు. ఇంట్లోంచి బయల్దేరే ముందు నీళ్ళు తాగడం మానేశాను, తెలుసా మీకు? ఎండాకాలంలో కూడా."

మామూలుగా అయితే కత్తెరక్క ఆ మాటకి మాట అప్పజెప్పేది. కానీ కట్టు ఉన్న రోజుల్లో తను కూడా అదే పని చేసింది. ఆ గడప దాటాలంటే భయమేసి, మధ్యాహ్నం నుంచి నీళ్ళు ముట్టుకునేది కాదు. మెడలోంచి టేపు తీసి, కుర్చీ ముందు వంగింది.

"ఏం చేస్తున్నారు?"

"కొలత తీసుకుంటున్నాను. కదలకండి."

చక్రం అంచు నుంచి అంచు దాకా కొలిచింది, చేతులు పెట్టుకునే చోటు ఎత్తు కొలిచింది, కుర్చీ ఒక చుట్టు తిరగమని చెప్పి ఆ చుట్టుని సుద్దముక్కతో గచ్చు మీద గీసింది. టీచరు విసుక్కుంటూనే తిరిగింది. వెళ్ళబోతూ, "చేస్తారని నాకేం నమ్మకం లేదు. చాలామంది కొలుస్తారు" అంది. గుడ్డ మాత్రం అక్కడే వదిలేసి వెళ్ళింది.

బాత్రూం పగలగొట్టిస్తున్నానని కత్తెరక్క ఆ రాత్రే భర్తకి చెప్పేసింది. మర్నాడు మేస్త్రీ పలుగుతో వచ్చేసరికి ఫైరు తాత బాత్రూం గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నేను బతికుండగా ఈ గది మీద పలుగు పడదని చెప్పరా దానికి" అన్నాడు కొడుకుతో. కొడుకు మేస్త్రీ వంక, మేస్త్రీ పలుగు వంక చూశారు.

"ఎందుకట?" అంది కత్తెరక్క గోడతో.

భర్త ఆమెని వంటింట్లోకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, పెళ్ళయినప్పట్నుంచీ చెప్పని సంగతి చెప్పాడు. అత్తగారు జ్వరంతో పోయిందని కదా అందరూ అనేది. జ్వరం తర్వాత వచ్చింది. అంతకుముందు ఆవిడ ఆ బాత్రూంలోనే పడింది. తుంటి విరిగింది. ఇంట్లో ఎవరూ లేరు. తాత డ్యూటీలో, ఎవరిదో గోడౌను తగలబడుతుంటే అక్కడున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆవిడ ఆ నేల మీదే ఉంది. మళ్ళీ మంచం దిగలేదు.

"నేల మీద పాచి పట్టిందట. నాన్న అది చూశాడు. బకెట్లకొద్దీ నీళ్ళు పోసుకోవడం ఆయనకి ముందునుంచీ ఉంది, ఈ కడగడం మాత్రం అప్పట్నుంచే. పాచి పట్టకూడదని. మనతో ఎప్పుడూ అనలేదు, అక్కయ్యకీ తెలుసు, ఎవరం ఎత్తం."

ఇంకొకరైతే అక్కడితో మెత్తబడేవాళ్ళేమో. కత్తెరక్కకి మాత్రం ఆడపడుచు మంచం మీద కూర్చుని, ఇంతవరకూ ఎవరూ పడలేదని అన్న మాట గుర్తొచ్చింది. తెలిసి అన్న మాట. ఒళ్ళంతా మండిపోయింది. గబగబా నడవాలోకి వెళ్ళి, అన్ని నెలల తర్వాత మొదటిసారి మామగారి మొహంలోకి చూసి మాట్లాడింది.

"పాచి దేనివల్ల పడుతుందో తెలుసా మామయ్యగారూ? నీళ్ళు నిలిస్తే పడుతుంది. గాలి ఆడక, ఎండక, ఎప్పుడూ తడిగా ఉంటే పడుతుంది. మీరు పోసిన నీళ్ళే. అప్పుడూ మీ నీళ్ళే, ఇప్పుడూ మీ నీళ్ళే. నా చెయ్యి పోతే పోయింది, కత్తెరే కదా. ఆవిడ సంగతి కూర్చుని ఆలోచించుకోండి."

ఫైరు తాత చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని లేచి, కుర్చీ తనే పక్కకి తీసి, పెరటివైపు వెళ్ళిపోయాడు. ఆ నడక చూసి మేస్త్రీ తల దించుకున్నాడు.

ఆ క్షణంలో కత్తెరక్కకి, బట్ట నూలుపోగు తప్పకుండా తెగినప్పుడు కలిగేలాంటి తృప్తి కలిగింది. సాయంత్రానికి అది పోయింది. అయినా వెళ్ళి క్షమాపణ అడగలేదు. తను అన్నదాంట్లో అబద్ధం లేదు కదా అని దుప్పటి ముసుగు పెట్టుకుంది.

పని మొదలయ్యాక మేస్త్రీతో ఇంకో యుద్ధం. గడప తీసెయ్యమంటే, గడప లేకపోతే నీళ్ళు వంటింట్లోకి వస్తాయన్నాడు. వాలు సరిగ్గా పెడితే ఎందుకొస్తాయంది. పెట్టానన్నాడు. చెంబుడు నీళ్ళు తెచ్చి పోసింది. నీళ్ళు తాపీగా గుమ్మం వైపు నడిచాయి. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

"కొంచెం అటు ఇటు ఉంటుందమ్మా" అన్నాడు మేస్త్రీ.

"నీ చొక్కా ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి కుట్టి, కొంచెం అటు ఇటు ఉంటుందని నేనంటే తొడుక్కుంటావా?"

మేస్త్రీ గొణుక్కుంటూ మళ్ళీ తవ్వాడు.

టైల్సు కొట్లో కుర్రాడు అద్దంలా మెరిసేవి చూపించాడు. కత్తెరక్క చేతిసంచీలోంచి నీళ్ళ సీసా తీసి ఒక పలక మీద ఒంపి, "చెప్పులు విప్పి దీని మీద నిలబడు" అంది. వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. వాడు వెనక్కి తగ్గి, లోపల్నుంచి గరుకువి తెచ్చాడు. మసక రంగు, చూడటానికి ఏమీ బాగుండవు. అవే కొంది.

అంతా అయ్యేసరికి ఆ బాత్రూం ఆ ఇంటిది కానట్టు ఉంది. నడవాలోకి పొడుచుకొచ్చిన అలమర తీయించేసింది, కుర్చీ తిరగడానికి. తలుపు పక్కకి జరిగేది పెట్టించింది, గుమ్మం వెడల్పు చేయించింది. గడప లేదు. స్నానం చేసే చోటు ఒక పక్కకి, అక్కడ నీళ్ళు అక్కడే పోయేలా. మిగతా సగం పొడి. గోడకి స్టీలు కడ్డీలు, స్నానానికి కూర్చునే పీట, పెద్ద కిటికీ. కొక్కేనికి పొడుగాటి కర్ర వైపర్. లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా సరే బయటికొచ్చే ముందు నీళ్ళు తోసి రావాలని కత్తెరక్క ఆజ్ఞ. భర్త మొదటిరోజు మర్చిపోతే ఒంటి మీద తువ్వాలుతోనే మళ్ళీ లోపలికి పంపింది.

ఫైరు తాత అటు తొంగి కూడా చూడలేదు. పెరట్లో కుళాయి కింద స్నానం చేసేవాడు. గొట్టం లేదు, గోడలు కడగడం లేదు, నాలుగు చెంబులు పోసుకుని లేచేవాడు. మిగతా అవసరానికి వీధి చివర టీకొట్టువాళ్ళ దొడ్డికి వెళ్ళేవాడు. చలిరోజులొచ్చాయి. పిట్టగోడ మీంచి పక్కింటివాళ్ళు చూసేవారు. ముసలాయన్ని పెరట్లోకి తోలిందని, ఉన్న బాత్రూంలోకి రానివ్వడం లేదని వీధి కోడై కూసింది. కత్తెరక్క దగ్గరికి చిరుగులు కుట్టించుకోవడానికి వచ్చే నలుగురిలో ఇద్దరు రావడం మానేశారు. ఆమె ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఎడంచేత్తో కోయడం నేర్చుకుంటోంది. ఎడంచేతి కత్తెర వేరే ఉంటుందని తెలిసి తెప్పించుకుంది. పాతగుడ్డలు కుప్పలు కుప్పలుగా కోసి పారేసింది. మొదట్లో గీతలన్నీ పాము పాకినట్టు వచ్చేవి.

ఆడపడుచు మళ్ళీ వచ్చింది, ఈసారి పోట్లాటకే. తండ్రిని పెరట్లో చూసి ఏడ్చింది, తమ్ముణ్ణి తిట్టింది, తర్వాత బస్సు దుమ్ము పోవాలని అదే బాత్రూంలో సుబ్బరంగా స్నానం చేసి, నేలంతా నీళ్ళమయం చేసి వచ్చింది. కత్తెరక్క నడవాలోనే వైపర్ పట్టుకుని నిలబడి ఉంది.

"తోసి రండి వదినా."

"నేను ఈ ఇంటి ఆడపిల్లని."

"మీ అమ్మ కూడా ఈ ఇంటి మనిషే. ఇంతవరకూ ఎవరూ పడలేదన్నారే, ఆ మాట ఎలా వచ్చింది మీ నోటికి?"

ఆడపడుచు మొహం తెల్లబోయింది. వైపర్ లాక్కుని, లోపలికెళ్ళి, గోడలు బద్దలయ్యేలా తోసింది. తోసి, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. చాలాకాలం రాలేదు.

ఆ చలిలోనే ఒకరోజు ఫైరు తాతకి కుళాయి దగ్గర కళ్ళు తిరిగాయి. పడలేదు, పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాడు. రక్తపోటు అన్నారు, మోకాళ్ళు అరిగాయన్నారు, బయట చన్నీళ్ళు వద్దన్నారు. ఇక దారి లేదు. కొడుకు చెయ్యి పట్టుకోబోతే విదిలించి, నడవా గోడ పట్టుకుంటూ వెళ్ళి, కొత్త తలుపు లాగి, లోపలికి వెళ్ళాడు. కత్తెరక్క వంటింట్లో గిన్నె కడుగుతున్నట్టు నిలబడి చెవులు రిక్కించింది. చాలాసేపు చప్పుడే లేదు. తర్వాత నీళ్ళు పడిన చప్పుడు, ఒక్క బకెట్టంత. తర్వాత వైపర్ గీరిన చప్పుడు. అది ఆగకుండా సాగింది, ఒక మూల నుంచి ఇంకో మూలకి, మళ్ళీ మొదటి మూలకి. మంట ఆరాక నిప్పుకణిక కూడా మిగలకుండా చూసే మనిషి తుడిచినట్టు తుడిచాడు. అప్పుడు ఏదో ఊడిన చప్పుడయింది.

కత్తెరక్క గిన్నె వదిలేసి పరిగెత్తింది. తలుపు తెరిచే ఉంది. ఫైరు తాత పొడి నేల మీద నిలబడి, గోడలోంచి సగం ఊడొచ్చిన కడ్డీని చూస్తున్నాడు.

"నా బరువంతా వేసి వేలాడాను" అన్నాడు. కొడుకుతో కాదు, కుర్చీతో కాదు, ఆమెతోనే. "ఊడింది. పైపైన టైలుకి బిగించి పోయాడు ఆ మేస్త్రీ వెధవ. పడబోయేవాడు పట్టుకునేది మెల్లగా పట్టుకుంటాడా? ఉన్న బలమంతా దాని మీదే వేస్తాడు. ఇది పట్టుకున్నవాళ్ళు కడ్డీతో సహా కిందపడతారు. నీ తెలివితేటలు ఇంతవరకే."

కత్తెరక్క కడ్డీ చూసింది, చిల్లు చూసింది, రాలిన సిమెంటు చూసింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ఆమెకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"అయితే ఎలా బిగించాలో మీరే చెప్పండి, వాడొస్తే."

"చెప్తాను. ఎత్తు కూడా తప్పే. పీట మీంచి లేచేవాడికి ఇంత కిందకి ఉండాలి. కూర్చుని చూశావా నువ్వు అసలు?"

చూడలేదు. ఆమె వెళ్ళి మేస్త్రీకి కబురు పెట్టింది. మేస్త్రీ వచ్చాడు. ఫైరు తాత పీట మీద కూర్చుని, లేచి, కూర్చుని, లేచి, ఎక్కడ చెయ్యి పడుతుందో అక్కడ గోరుతో గీత పెట్టాడు. గోడ లోపలి ఇటుక దాకా వెళ్ళమన్నాడు. బిగించాక మేస్త్రీనే వేలాడమన్నాడు. మేస్త్రీ వేలాడాడు, పాపం, ఇద్దరి తిట్లూ తింటూ.

అలాగని ఇంట్లో శాంతి ఏమీ రాలేదు. ఆయన అప్పట్నుంచి ఆ బాత్రూంకి తనిఖీ అధికారి అయ్యాడు. రోజూ ప్రతి కడ్డీ గుంజి చూసేవాడు. కోడలు వెళ్ళొచ్చాక వెళ్ళి, మూలన చుక్క నీరు కనిపిస్తే పిలిచి చూపించేవాడు. ఆయన వెళ్ళొచ్చాక ఆమె వెళ్ళి అదే పని చేసేది. ఒకరి తప్పు ఒకరు పట్టుకోవాలనే కసితో ఆ నేల ఎంత పొడిగా ఉండేదంటే, భర్త అందులో నిలబడి పేపరు చదువుకోవచ్చని నాతో అన్నాడు. ఆయన మాత్రం చదవలేదు, ఇద్దరూ ఒకేసారి తలుపు కొడతారని భయం.

అత్తగారి గురించి ఆమె అన్న మాట గానీ, చూసుకు నడవమని ఆయన అన్న మాట గానీ మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎవరూ వెనక్కీ తీసుకోలేదు.

కత్తెరక్క ఎడంచేత్తో కోసిన మొదటి సరైన బట్ట సంగీతం టీచరుది. తొడిగి చూసుకోవడానికి ఆవిడ వచ్చింది. గుమ్మం మెట్టు పక్కన ఈసారి ఏటవాలు చప్టా ఉంది, ఆటోవాడి సాయం లేకుండా తనే లోపలికి వచ్చింది. టీ ఇస్తే తాగింది. మంచినీళ్ళు అడిగి గ్లాసు నిండా తాగింది. కాసేపయ్యాక నడవాలోకి కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. కత్తెరక్క మిషను దగ్గర, ఫైరు తాత కిటికీ దగ్గర, ఇద్దరూ వేరే పనులున్నట్టు కూర్చున్నారు. ఎవరూ అటు చూడలేదు, ఎవరూ అటు చెవి పెట్టలేదు.

టీచరు తిరిగి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ, "అద్దం చాలా ఎత్తులో పెట్టారు" అంది. "నా తల వెంట్రుకలు కూడా కనపడలేదు. సబ్బు పెట్టే చోటు అందలేదు. మిగతాది ఫర్వాలేదు."

"ఫర్వాలేదా?" అన్నాడు ఫైరు తాత. "ఆ కడ్డీలు ఎంత గట్టిగా ఉన్నాయో చూశారా అసలు?"

"కడ్డీలు గట్టిగా ఉండక మెత్తగా ఉంటాయా?" అంది టీచరు. "అద్దం సంగతి చూడండి." కుట్టు బాగుందని గానీ బాగాలేదని గానీ అనకుండా వెళ్ళిపోయింది. కాకపోతే అటు తర్వాత తన బట్టలన్నీ ఇక్కడే ఇచ్చింది, తన దగ్గర పాట నేర్చుకునే పిల్లల తల్లుల్ని కూడా పంపింది.

అద్దం కిందకి దించారు. అక్కణ్ణుంచి ఫైరు తాత గడ్డం గీసుకోవాలంటే వంగాల్సి వచ్చింది. కొన్నాళ్ళు వంగి, నడుం పట్టుకుని, వీధికంతా వినపడేలా మూలిగాడు. కత్తెరక్క విననట్టే మిషను తొక్కింది. తర్వాత ఒకరోజు ఆయన స్నానం పీట లాక్కుని, దాన్ని అద్దం ముందు వేసుకుని, హాయిగా కూర్చుని గీసుకోవడం మొదలుపెట్టాడు. రోగుల పీట అని అంతకుముందు ఆయనే దానికి పేరు పెట్టాడు. ఆ పేరు మళ్ళీ ఆయన నోట వినపడలేదు.

నేను చివరిసారి వాళ్ళింటికి చొక్కా కుట్టించుకోవడానికి వెళ్ళినప్పుడు, భుజం కొలుస్తూ ఉండగా లోపల్నుంచి ఆయన గొంతు వచ్చింది. బల్బు వెలుతురు చాలడం లేదని, ఇలా అయితే చెంప కోసుకుంటానని.

"సాయంత్రం మీ అబ్బాయి వచ్చాక చెప్పండి" అంది ఆమె టేపు నా మెడ చుట్టూ తిప్పుతూ, గొంతు పెంచి. "నేను బల్బులు మార్చను. కింద నీళ్ళు తోసి రండి."

"తోశాను" అన్నాడాయన. "వచ్చి చూసుకో."

ఆమె నా కొలత సగంలో ఆపి, వెళ్ళి చూసి వచ్చింది.